కొత్త బండి క్లచ్, గేర్‌బాక్స్‌లో వింత శబ్దాలు: చేయవలసినవి, చేయకూడనివి

కొత్త బండి ఇంటికి వచ్చిన మొదటి నెలలో చెవులన్నీ దాని మీదే ఉంటాయి. ఫస్ట్ గేరు వేస్తే టక్కుమంటుంది. న్యూట్రల్‌లో నిలబెడితే లోపల ఏదో గరగర. మూడో గేరులో సన్నగా గీ మంటూ ఒక కూత. లక్ష రూపాయలు పోసి, నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ కొన్న బండి ఇలా ఎందుకు మోగుతోందని మనసు పీకుతుంటుంది. అడిగితే రెండు రకాల సలహాలు దొరుకుతాయి. ఒకరు ‘కొత్తలో అంతే, నడిచేకొద్దీ సర్దుకుంటుంది’ అంటారు. ఇంకొకరు ‘గేర్‌బాక్స్ పోయింది, వెంటనే విప్పించు’ అంటారు. ఇద్దరూ బండి శబ్దం విననైనా వినరు. మొదటి మాట నమ్మి నడుపుతూ పోతే ఒక రోజు బేరింగు విరిగి, నడిరోడ్డు మీద వెనక చక్రం పట్టేయవచ్చు. రెండో మాట నమ్మి వీధి చివరి షెడ్డులో ఇంజిన్ విప్పిస్తే వారంటీ పోతుంది.

శబ్దం ఎంత పెద్దగా ఉందో చూసి భయపడకండి. అది ఎప్పుడు మొదలవుతోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్నది పట్టుకోండి. ఆ రెండూ తెలిస్తే జబ్బు ఎక్కడుందో సగం తెలిసినట్టే. పానా పట్టకుండా, పైసా ఖర్చు లేకుండా ఎవరైనా తెలుసుకోగల సంగతి ఇది. అయితే తెలుసుకునే క్రమంలో వేళ్లు పోగొట్టుకోకూడదు, ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

లోపల జరిగేది ఇదీ

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే మోటార్‌సైకిళ్లలో దాదాపు అన్నిటికీ ఇంజిన్, క్లచ్, గేర్లు ఒకే పెట్టెలో, ఒకే ఆయిల్‌లో ఉంటాయి. పాత బుల్లెట్ దారి వేరు. దాని గేర్‌బాక్స్ ఇంజిన్‌కు వెనక విడిగా ఉండేది, ఆయిల్ కూడా విడిగా పోసేవారు. ఇప్పటి బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతాయి. రాపిడి పూత ఉన్న ప్లేటు ఒకటి, ఉక్కు ప్లేటు ఒకటి, ఇలా వరుసగా పేర్చి స్ప్రింగులతో నొక్కి ఉంచుతారు. లివర్ లాగితే ఆ బిగువు వదులవుతుంది. కానీ ప్లేట్ల మధ్య ఆయిల్ పొర ఉంటుంది కాబట్టి అవి పూర్తిగా విడిపోవు, ఒకదాన్ని ఒకటి కొంచెం ఈడుస్తూనే ఉంటాయి.

గేర్ల సంగతి చాలామంది పొరబడే చోటు. గేరు మార్చినప్పుడల్లా పళ్ల చక్రాలు విడిపోయి మళ్లీ ఒకదానిలో ఒకటి దూరతాయనుకుంటారు. అలా జరగదు. బైకు గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. కొన్ని గేర్లు షాఫ్టు మీద ఉత్తినే తిరుగుతుంటాయి. గేరు పక్క ముఖాన దిట్టమైన ఉక్కు బుడిపెలు మూడో నాలుగో ఉంటాయి. మెకానిక్‌లు వాటిని డాగ్‌లంటారు. మనం పెడల్ నొక్కినప్పుడు గేర్‌బాక్స్ లోపలి ఫోర్కు ఒక గేరును పక్కకు జరుపుతుంది, దాని డాగ్‌లు పక్క గేరులోని గాడుల్లో పడతాయి. మనకు వినిపించే టక్కు ఆ పడటమే. పళ్లు అరిగిపోతున్న శబ్దం కాదది.

భయపడనక్కరలేనివి

పొద్దున్నే స్టార్ట్ చేసి మొదటి గేరు వేయగానే గట్టిగా టక్కుమని బండి ఒక అంగుళం ముందుకు దూకడం మామూలే. రాత్రంతా నిలబడ్డ బండిలో ఆయిల్ చిక్కగా ఉండి ప్లేట్లు అంటుకుని ఉంటాయి. లివర్ పూర్తిగా లాగి రెండు మూడు సెకన్లు ఆగి గేరు వేస్తే శబ్దం తగ్గుతుంది. ఇంకా తగ్గాలంటే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే గేరులో ఉంచి, క్లచ్ లాగి, బండిని ముందుకూ వెనక్కూ రెండుసార్లు నెట్టండి. ప్లేట్లు విడిపోతాయి. చల్లటి ఇంజిన్‌తో మొదటి గేరు వేసేటప్పుడు బ్రేకు మీద చేయి గాని కాలు గాని ఉండితీరాలి. ముందు పిల్లలు నిలబడి ఉన్నారేమో చూసుకోవాలి.

మెయిన్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేస్తే వెనక చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. కొత్తగా కొన్నవాళ్లు దీన్ని చూసి న్యూట్రల్ పడలేదని కంగారుపడతారు. అది ఆయిల్ ఈడుపు, అంతే.

గేరులో పోతున్నప్పుడు వచ్చే సన్నటి కూత కూడా చాలా బండ్లకు సహజం. బైకు గేర్ల పళ్లు ఎక్కువగా నిటారుగా కోసినవి. నిటారు పళ్లు బలంగా ఉంటాయి గాని కూస్తాయి. చాలా కార్లు రివర్స్‌లో వెళ్లేటప్పుడు వినిపించే కూత ఆ నిటారు పళ్లదే. కూత అన్ని గేర్లలో కొద్దికొద్దిగా ఉండి, వారాలు గడిచినా పెరగకపోతే వదిలేయండి.

తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు జుయ్‌మనేది పెట్రోలు పంపు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక కార్బ్యురేటర్ పోయి దాదాపు అన్ని బండ్లకూ ఈ పంపు వచ్చింది. సైడ్ స్టాండ్ తీయకుండా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోవడం కూడా లోపం కాదు, భద్రత కోసం పెట్టిన స్విచ్చు పని అది. యమహా ఆర్15, కేటీఎం డ్యూక్ 390 లాంటి స్లిప్పర్ క్లచ్ బండ్లలో వేగంగా పోతూ గేరు తగ్గించినప్పుడు లివర్ వేళ్ల కింద సన్నగా అదురుతుంది. అదీ మామూలే.

చేయవలసినవి

మొదట బయటి వస్తువులను పట్టి చూడండి. షోరూమ్‌లో తగిలించిన లెగ్ గార్డు, చీర గార్డు, నంబరు ప్లేటు, అదనపు ఫుట్‌రెస్టు, టూల్ బాక్సు మూత, ఇవే సగం ‘గేర్‌బాక్స్ శబ్దాల’కు కారణం. డెలివరీ రోజు తొందరలో బిగించిన బోల్టులు వంద కిలోమీటర్లకు వదులవుతాయి. ఇంజిన్ ఒక వేగం దగ్గరికి వచ్చినప్పుడే ఆ ఇనుము మోగుతుంది. ఆ వేగం దాటగానే ఆగిపోతుంది. అందుకే అది లోపలి నుంచి వస్తున్నట్టే ఉంటుంది. ఇంజిన్ ఆపి, సైలెన్సర్ చల్లబడ్డాక ఒక్కోదాన్నీ కదిపి చూడండి.

తర్వాత క్లచ్ లివర్ పరీక్ష. దీనికి ఆరుబయట సమతలం మీద బండి నిలపండి. న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ వేడెక్కేదాకా ఐడ్లింగ్‌లో నడవనివ్వండి. లివర్ వదిలి ఒక నిమిషం వినండి. లివర్ పూర్తిగా లాగి వినండి. మళ్లీ నెమ్మదిగా వదలండి. నాలుగైదు సార్లు చేస్తే చెవికి తేడా తెలుస్తుంది.

లివర్ వదిలినప్పుడు ఉండి, లాగగానే తగ్గే గరగర గేర్‌బాక్స్ లోపలిది. న్యూట్రల్‌లో లివర్ వదిలితే ఇంజిన్ గేర్‌బాక్స్ మొదటి షాఫ్టును తిప్పుతూ ఉంటుంది, దాని మీది గేర్లన్నీ ఉత్తినే తిరుగుతుంటాయి. లివర్ లాగితే ఆ షాఫ్టు నెమ్మదిస్తుంది. కాబట్టి సన్నటి, ఒకే తీరు గరగర అయితే అది తిరిగే గేర్ల రొద, ఆందోళన వద్దు. మధ్యమధ్య ఎగుడుదిగుడుగా, రాళ్లు నలిగినట్టు వస్తే ఆ షాఫ్టు బేరింగు మీద అనుమానం పెట్టుకోవాలి.

లివర్ లాగినప్పుడు మాత్రమే మొదలయ్యే శబ్దం క్లచ్‌ది. లివర్‌తో పాటు నొక్కుడు పడే చిన్న బేరింగు ఒకటుంటుంది, కిరకిర లేదా కీచుమనే కూత సాధారణంగా దానిదే. కొత్త బండిలో ఇలా రాకూడదు. వస్తే వారంటీలో చూపించాల్సిందే. ఇక్కడొక సంగతి. డుకాటీ పాత మోడళ్ల క్లచ్ ఆయిల్ లేకుండా పొడిగా పనిచేసేది. లివర్ లాగితే గలగలా మోగేది, దాన్ని వినడానికే ఇష్టపడేవాళ్లు ఉన్నారు. ఆ వీడియోలు చూసి మన 125 సీసీ బండి గలగలను కూడా ‘అలాగే ఉంటుందిలే’ అనుకోకండి. తడి క్లచ్‌లో ఆ మోత రాకూడదు.

లాగినా వదిలినా మారని శబ్దం ఇంజిన్ వైపుది. ట్యాపెట్లు, టైమింగ్ చైను, క్రాంకు నుంచి క్లచ్‌కు తిరుగుడు అందించే మొదటి జత గేర్లు, వీటిలో ఏదో ఒకటి. గేర్‌బాక్స్‌ను అనుమానించి సమయం వృథా చేసుకోవద్దు.

ఇంకో చిన్న పరీక్ష. ఐడ్లింగ్ కొంచెం పెంచగానే కటకట పోతే, ఐడ్లింగ్ తక్కువగా ఉండటం వల్ల క్లచ్ హౌసింగ్ గేరు పళ్ల సందుల్లో ఊగుతోందన్నమాట. ఐడ్లింగ్ సరిచేస్తే పోతుంది. ఎక్కువైనా చిక్కే. ఫస్ట్ గేరు పడే టక్కు మరీ గట్టిదవుతుంది. ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఇంజెక్షన్ బండ్లలో ఐడ్లింగ్‌ను కంప్యూటరే చూసుకుంటుంది కాబట్టి మీరు తిప్పే స్క్రూ ఉండకపోవచ్చు.

నడుస్తున్నప్పుడు వచ్చే శబ్దానికి పరీక్ష వేరు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకోండి. హెల్మెట్ పెట్టుకునే చేయండి, గాలి రొద కలుస్తుంది గాని తల ముఖ్యం. నలభై కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ఒకసారి, అదే వేగంలో నాలుగో గేరులో ఒకసారి వినండి. గేరు మారినా శబ్దం తీరు మారకపోతే అది చక్రంతో తిరిగేదే: చైను, స్ప్రాకెట్, చక్రం బేరింగు, బ్రేకు. గేరుతో పాటు తీరు మారితే ఇంజిన్, క్లచ్ వైపు చూడాలి. ఒక్క గేరులోనే వచ్చి మిగతావాటిలో లేకపోతే ఆ గేరు జతదే తప్పు. ఈ ఒక్క మాట రాసిస్తే సర్వీస్ సెంటర్లో వెతుకులాట చాలా తగ్గుతుంది.

థ్రాటిల్ తెరిచినప్పుడూ మూసినప్పుడూ ధడ్ మని కుదుపుతో వచ్చే శబ్దానికి ముందు చైను చూడండి. కొత్త చైను మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో త్వరగా సాగుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, న్యూట్రల్‌లో ఉంచి, కింది వైపు మధ్యలో చైనును పైకీ కిందికీ కదపండి. చాలా కమ్యూటర్ బండ్లకు ఆ ఊగుడు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండికి ఎంతో చైను కవరు దగ్గరి స్టిక్కరు మీదో పుస్తకంలోనో ఉంటుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వదులు కన్నా మరీ బిగువు ప్రమాదం. బిగువు చైను గేర్‌బాక్స్ చివరి షాఫ్టు బేరింగును రోజూ లాగుతుంది. ఇద్దరెక్కితే ఇంకా బిగుస్తుంది. కొన్నాళ్లకు నిజంగానే గేర్‌బాక్స్ కూస్తుంది.

క్లచ్ వైరు ఆట చూసుకోండి. లివర్ కొసన కొంచెం దూరం ఖాళీగా కదిలి, ఆ తర్వాతే బిగువు తగలాలి. చాలా చిన్న బండ్లలో ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు. ఆట ఎక్కువైతే క్లచ్ పూర్తిగా వదలదు. గేరు కటుక్కుమంటుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు, బండి ముందుకు లాగుతుంది. కొత్త వైరు మొదట్లో సాగుతుంది కాబట్టి మొదటి సర్వీసుకు ముందు వచ్చే గేర్ల ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం. ఆట అసలు లేకపోతే ఇంకా నష్టం. ప్లేట్లు జారుతాయి, ఇంజిన్ అరుస్తుంది గాని బండి వేగం అందుకోదు, మాడు వాసన వస్తుంది. లివర్ దగ్గరి చిన్న నట్టు తిప్పి సరిచేయడం మీకు చేతనైతే చేయండి, లేదంటే సర్వీస్ సెంటర్లో ఐదు నిమిషాల పని.

ఆయిల్ మట్టం చూడండి. ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, బండిని నిటారుగా నిలబెట్టి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే తప్పు కొలత వస్తుంది. డిప్‌స్టిక్ ఉన్న బండ్లలో కొన్నిటికి మర బిగించకుండా ఆనించి చూడాలి, కొన్నిటికి బిగించి చూడాలి. పుస్తకం ఎలా చెబితే అలా. మొదటి సర్వీసు కంపెనీని బట్టి 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి. వీలైతే ఆ రోజు దగ్గర నిలబడి పాత ఆయిల్ దించేటప్పుడు చూడండి. చల్లారిన ఆయిల్ ఒక చుక్క వేళ్ల మధ్య రాసి ఎండలో చూస్తే వెండిపొడి లాంటి మెరుపు కనిపిస్తుంది. కొత్త పళ్లు, కొత్త ప్లేట్లు ఒకదానికొకటి ఒరిపిడి పడి రాలిన పొడి అది, మొదటి ఆయిల్‌లో ఉండాల్సిందే. గోటితో గీరితే తగిలే రేకులు గాని ముక్కలు గాని ఉంటే అక్కడికక్కడే మెకానిక్‌కు చూపించి జాబ్ కార్డులో రాయించండి, ఫొటో తీసి పెట్టుకోండి. ఆ బండిని అలాగే ఇంటికి తోలుకు రావద్దు.

చేయకూడనివి

అన్నిటికన్నా ముందు ఇది. ఇంజిన్ నడుస్తుండగా చైను దగ్గరికి, వెనక చక్రం దగ్గరికి, స్ప్రాకెట్ దగ్గరికి చేయి పోనివ్వకండి. మెయిన్ స్టాండ్ వేసి, గేరులో పెట్టి, చక్రం తిరుగుతుంటే చైనుకు గుడ్డ పట్టి తుడవడం మన వీధుల్లో రోజూ కనిపిస్తుంది. గుడ్డ కొస చైనులో చిక్కితే వేలు స్ప్రాకెట్ పళ్ల మధ్యకు పోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. వేలు తెగుతుంది. చేయి వెనక్కి లాక్కునే సమయం ఎవరికీ ఉండదు. శబ్దం వినడానికి ఒకరు ఎక్సలరేటర్ తిప్పుతుంటే ఇంకొకరు చక్రం పక్కన వంగి చెవి పెట్టడం కూడా అంతే ప్రమాదం. లుంగీ, చున్నీ, చీర కొంగు, మెడలో తువ్వాలు ఏదీ ఆ పక్కకు రాకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచండి. చైను తుడవాలన్నా నూనె వేయాలన్నా ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

షట్టర్ దించిన షెడ్డులో, కిటికీల్లేని కింది అంతస్తు పార్కింగ్‌లో ఇంజిన్ నడుపుతూ శబ్దం వినకండి. నాలుగు గోడల మధ్య శబ్దం బాగా వినిపిస్తుందని కొందరు ఇలా చేస్తారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చేసరికి లేచి బయటికి నడిచే ఓపిక ఉండదు.

ట్రాఫిక్‌లో నడుపుతూ ఇంజిన్ వైపు వంగి వినకండి. హైవే మీద పోతూ కాలి దగ్గరికి ఫోను పెట్టి రికార్డు చేయకండి. రికార్డు చేయాలంటే బండి ఆగి ఉండాలి, లేదా వెనక కూర్చున్నవాళ్లు చేయాలి. క్లచ్ జారుతోందో లేదో చూద్దామని ముందు బ్రేకు గట్టిగా పట్టి గేరులో ఉంచి రేజ్ చేసే పరీక్ష వీడియోల్లో చూపిస్తారు. కొత్త బండి మీద అది వద్దు. ప్లేట్లు మాడతాయి, బ్రేకు జారితే బండి ఎగిరి దూకుతుంది.

వారంటీలో ఉన్న ఇంజిన్ కవరు బయట విప్పించకండి, ఎంత మంచి మెకానిక్ అయినా సరే. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్‌లు ఎందరో ఉన్నారు, వాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చేసే మాట కాదు ఇది. సీలు, గ్యాస్కెట్టు విప్పిన గుర్తు కనిపిస్తే కంపెనీ చేతులు దులుపుకోవడానికి కారణం దొరుకుతుంది. వాళ్ల సలహా అడగండి, బండి వినిపించండి, విప్పడం మాత్రం వద్దు.

కారు ఆయిల్ పోయకండి. ఘర్షణ తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్‌లో బైకు తడి క్లచ్ జారిపోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉండాలి, చిక్కదనం అంకె పుస్తకంలో రాసినదే అయి ఉండాలి. హీరో, హోండా చిన్న బండ్లకు 10డబ్ల్యు-30, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకు 15డబ్ల్యు-50, ఇలా ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంది. ‘చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుంది’ అన్న సలహా వినకండి. శబ్దం నాలుగు రోజులు దాక్కుంటుంది, పొద్దున్నే క్లచ్ ఈడుపు పెరుగుతుంది, అసలు లోపం లోపల అలాగే ఉంటుంది. సీసాల్లో అమ్మే ‘గేరు స్మూత్’ మందులూ అంతే.

లివర్ మీద వేళ్లు, గేరు పెడల్ మీద పాదం ఆనించి నడపకండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌తో ఈదడం చాలామందికి అలవాటైపోయింది. కొత్త ప్లేట్లు ఆ వేడికి మొదటి వేసవిలోనే మాడిపోవచ్చు. పెడల్ మీద పాదం బరువు పడితే లోపలి ఫోర్కు ఎప్పుడూ గేరు పక్కన ఒరుసుకుంటూ ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు గేరు దానంతటదే జారడం మొదలవుతుంది.

తిరుమల, శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్లు దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారవద్దు. ఇంజిన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. పైగా ఆయిల్ పంపు ఆగిపోయి ఉండగా గేర్‌బాక్స్ షాఫ్టు మాత్రం చక్రంతో తిరుగుతూనే ఉంటుంది.

ఈ శబ్దాలకు బండి ఆపేయండి

లోపల ఇనుప ముక్క కొట్టుకుంటున్నట్టు లయగా, గట్టిగా వచ్చే దెబ్బ. ఒక్కసారిగా మొదలైన గరగరతో పాటు బండి వెనక్కి పట్టి లాగినట్టుండటం. వేసిన గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడటం. క్లచ్ లాగినా బండి ఆగకపోవడం. ఆయిల్ కారుతూ శబ్దం రావడం. వీటిలో ఏది వచ్చినా ‘షోరూమ్ పది కిలోమీటర్లే కదా, నెమ్మదిగా పోదాం’ అనుకోకండి. రోడ్డు పక్కన ఆపి, కంపెనీ రోడ్‌సైడ్ సహాయం నంబరుకు ఫోన్ చేయండి, ట్రాలీ ఆటోలో వేయించండి. తాడు కట్టి ఇంకో బండితో లాగించవద్దు. న్యూట్రల్‌లో లాగినా గేర్‌బాక్స్ చివరి షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది.

పోతూ ఉండగా వెనక చక్రం పట్టేస్తే మొదటి పని క్లచ్ లివర్ పూర్తిగా లాగడం. ఇంజిన్ బిగుసుకుని ఉంటే చక్రం వదులుతుంది. గేర్‌బాక్స్ లోపలో చైనులోనో పట్టేసి ఉంటే క్లచ్ లాగినా వదలదు. అప్పుడు హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, ఒళ్లు నిటారుగా ఉంచి, ముందు బ్రేకు మెత్తగా వేస్తూ ఆగండి. పక్కకు తిప్పితే పడతారు. ఆగాక ముందు మీరు రోడ్డు నుంచి దూరం జరగండి, వీలైతేనే బండిని ఎడమకు లాగండి.

సర్వీస్ సెంటర్లో

జాబ్ కార్డు మీద ‘గేర్‌బాక్స్ సౌండ్’ అని రెండు ముక్కలు రాయించుకుని వస్తే, సాయంత్రానికి ‘చెక్ చేశాం, ఓకే’ అన్న జవాబుతో బండి తిరిగి వస్తుంది. ఇలా రాయించండి: ‘ఇంజిన్ వేడెక్కాక, న్యూట్రల్‌లో, క్లచ్ వదిలినప్పుడు ఎగుడుదిగుడు గరగర. క్లచ్ లాగితే ఆగుతుంది. 420 కిలోమీటర్ల నుంచి మొదలు. చైను, ఆయిల్ మట్టం, క్లచ్ ఆట సరిగ్గా ఉన్నాయి.’ ఇలాంటి వాక్యాన్ని ఏ మెకానిక్ కూడా తేలిగ్గా తీసుకోడు. వేడి మీదే వచ్చే శబ్దమైతే బండిని చల్లగా అప్పగించకండి, వచ్చే స్థితిలోనే వినిపించండి. మెకానిక్‌ను ఎక్కించుకుని ఒక రౌండు వేయండి. అదే మోడల్ కొత్త బండి షోరూమ్‌లో ఉంటే దాన్ని కూడా స్టార్ట్ చేయించి పక్కపక్కన వినండి. ఈ పోలికను మించిన రుజువు లేదు.

జాబ్ కార్డు నకలు ప్రతిసారీ తీసుకోండి. ఒకే ఫిర్యాదుకు మూడుసార్లు తిప్పించుకుంటే కంపెనీకి ఈమెయిల్ రాయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు, కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. ఒకే లోపం ఒకే మోడల్‌లో చాలామందికి వస్తే ఆ బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారం కూడా ప్రభుత్వానికి 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో వచ్చింది. వీటన్నిటికీ ఆధారం మీ చేతిలోని కాగితాలే.

ఇంకా ఏ శబ్దమూ లేని కొత్త బండి మీ దగ్గర ఉంటే ఈ వారంలోనే ఒక పని చేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి, క్లచ్ లాగి, వదిలి, నిమిషం చొప్పున ఫోనులో రికార్డు చేసి తేదీ, కిలోమీటర్లు రాసి దాచుకోండి. ఆరు నెలల తర్వాత అనుమానం వస్తే పోల్చి చూసుకోవడానికి మీ బండి అసలు గొంతు మీ దగ్గర ఉంటుంది.